మన దీపము – పొరుగువాని కన్ను

ధ్యానమునకు: లేవీయకాండము 19:14, మత్తయి 5:14–16, ఫిలిప్పీయులకు 2:4



డిసెంబరు, జనవరి మాసములలో మన కర్నూలు, కడప ప్రాంతముల రోడ్లమీద తెల్లవారుజామున పొగమంచు క్రమ్ముచుండును. పత్తికొండ టమాటాలు, కర్నూలు మార్కెట్టుకు పోవు ఉల్లిగడ్డలు మోయు పికప్పు బండ్లు ఆ వేళకే బయలుదేరవలెను. కడప నుండి రాయచోటికి గువ్వలచెరువు ఘాటు ఎక్కువారికి మలుపు వెంట మలుపు. అందుచేత మన యువకులు అనేకులు ఫాగ్ లైట్లు కొని, ఇంటి ముంగిటనే బండికి బిగించుకొనుచున్నారు. ఇది తప్పా? కాదు. చీకటిలో తడుముకొనుచు పోవుట భక్తి కాదు. క్షేమముగా ఇల్లు చేరుట భార్యాబిడ్డల యెడల మన బాధ్యత.

అయితే ఒక ప్రశ్న. మనకు మేలైన వెలుగు ఎదుటివానికి కీడైనయెడల, దానిని మేలు అనవచ్చునా?

పొగమంచు అనగా సన్నని నీటిబిందువులే. పైకెత్తి కొట్టిన వెలుగు ఆ బిందువులకు తగిలి మన కన్నులలోనికే తిరిగి వచ్చును. ఎదుట తెల్లగోడ లేచినట్లుండును. కనుకనే ఈ దీపములను బంపరు దగ్గర క్రిందుగా బిగించి, వెలుగు నేలమీద వెడల్పుగా పరచుకొనునట్లు వంచవలెను. పైకెత్తి పెట్టిన దీపము మనకు దారి చూపదు, ఎదుటివానికి చూపు మిగల్చదు. ముందు దీపము ఎదుటివారి కన్నులకు మిరుమిట్లు గొల్పరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి 106వ నియమము కూడ చెప్పుచున్నది.

గ్రుడ్డివాని దారిలో అడ్డము వేయరాదని దేవుడు మోషేద్వారా ఆజ్ఞాపించెను. మనము అది పుట్టుగ్రుడ్డివారిని గూర్చినదే అనుకొందుము. సైకిలుమీద పాలు తెచ్చువాడు, గొఱ్ఱెలను తోలుకొనిపోవు కాపరి, ఎద్దులబండివాడు – మన వెలుగు కొట్టిన ఆ క్షణమున వీరందరు గ్రుడ్డివారే. వారిని అట్లు చేసినది మన దీపమే. వారు గుంతలో పడినను మనకు తెలియదు. అప్పటికే దాటిపోయి యుందుము. మనకు తెలియని కీడును గూర్చి కూడ దేవుడు మనలను లెక్క అడుగును గదా!

“ఎదుటి లారీవాడు వెలుగు తగ్గింపలేదు, నేనేల తగ్గింపవలెను?” అని కొందరందురు. అప్పుడేమగును? చూపులేని రెండు బండ్లు ఒకదానికొకటి ఎదురుగా పరుగెత్తును. ఎవరో ఒకరు ముందు తగ్గింపవలెను. క్రీస్తు శిష్యుడు ఎదుటివాని వంతుకై కనిపెట్టుకొని యుండడు.

దీపస్తంభముమీది దీపము ఇంటివారందరు చూచుకొనుటకే గాని, దీపమునే తేరిచూచి కన్నులు మూసికొనుటకు కాదు. మన సాక్ష్యము, మన దానధర్మము కూడ ఇట్టివే. దారి చూపుచున్నవా, మిరుమిట్లు గొల్పుచున్నవా? పరీక్షించుకొందము.

బండిగలవారు ఈ వారమే ఒక పని చేయుడి. చదునైన నేలమీద గోడకు 25 అడుగుల దూరమున బండి నిలిపి, దీపపు ఎత్తును గోడమీద సుద్దతో గుర్తింపుడి. ఫాగ్ లైటు వెలుగు పైఅంచు ఆ గుర్తుకు 4 అంగుళములు క్రిందుగా ఉండవలెను. దానికి వేరుగా స్విచ్చి, ఫ్యూజు పెట్టుడి. మంచు విడిపోగానే ఆర్పుడి.

ప్రభువా, మా వెలుగును వంచుము. మా పొరుగువాడు క్షేమముగా ఇల్లు చేరునట్లు కృప చూపుము. ఆమేన్.