సమదృష్టి యనగా నేమి?

పదిమందిపై అధికారము వహించినవాడు అందరిని ఒకే తీరుగా చూడవలెనా, లేక ఎవరి స్థితినిబట్టి వారిని చూడవలెనా? ఈ ప్రశ్న నేడు మన ఓరుగల్లు ముంగిట నిలిచియున్నది. 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు మూతపడినది. గీసుగొండ, సంగెం మండలములలో కాకతీయ మెగా జౌళి పార్కునకు 2017లో శంకుస్థాపన జరిగినది. కేరళకు చెందిన కైటెక్స్, దక్షిణ కొరియాకు చెందిన యంగ్‌వన్ సంస్థలు అచట కర్మాగారములకు పూనుకొన్నవి. ఇట్టి చోట పలు భాషలవారిని, పలు ఆచారములవారిని నడపుటకు మేనేజర్లకు శిక్షణ అవసరమే. అయితే ఆ శిక్షణలో నేర్పవలసిన దేమి?

“నాకందరు సమానులే” యనుట సులభము. తరగతిలో నేనును అట్లే తలచితిని. తండా నుండి వచ్చిన యొక బాలుడు మారుపలుకకున్న, అశ్రద్ధ యని దండించితిని. ఇంట లంబాడీ భాష తప్ప ఎరుగని వానికి నా మాట అందనేలేదని పిదప తెలిసినది. అందరికిని ఒకే పాఠము చెప్పితిని. కాని అది అందరికిని చేరలేదు.

వికలాంగుల హక్కులకై 2016లో వచ్చిన చట్టము సముచితమైన సర్దుబాట్లు చేయవలెనని చెప్పుచున్నది. మెట్లు అందరికిని ఒకటే; చక్రాల కుర్చీలో వచ్చువానికి అవి మూసిన తలుపు.

ఇట్లయిన పక్షపాతమునకు తావు కలుగదా యని కొందరు శంకింతురు. కూలి లెక్కలో, తప్పొప్పుల నిర్ణయములో కొలత ఒకటే యుండవలెను. వినుటలో, నేర్పుటలో మాత్రము ఎదుటివానిని బట్టి మారవలెను. మొదటిది న్యాయము, రెండవది దయ. ఒకటి లేక మరియొకటి నిలువదు.

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండాగారమును నిర్వహించినవాడు. అధికార మెట్టిదో ఎరిగినవాడు. అయినను అనుభవ మంటపమున అధ్యక్షపీఠము అల్లమప్రభువునకే చెందినదని సంప్రదాయము చెప్పును. చాకలి మాచయ్య, పడవ నడపు చౌడయ్య అచటికి తమ వృత్తిని వాకిట విడిచి రాలేదు. పాల్కురికి సోమనాథుడును బసవపురాణమును పామరులకు చేరువైన ద్విపదలో రచించెను. వినువాని చెంతకు చెప్పువాడే నడచి వెళ్లవలెనని కదా దీని భావము!

రెండు దినముల ఉపన్యాసములతో ఈ గుణము అలవడదు. నాయకుడు ప్రతి సాయంత్రము తన్ను తాను ఒక్క ప్రశ్న అడుగుకొనవలెను: “నేడు నా యెదుట నోరు విప్పలేక వెనుదిరిగిన వాడెవడు?” ఆ ప్రశ్న నన్ను నేటికిని ఆ బాలుని ముందు నిలబెట్టుచున్నది.