ఆనందానికి ఆయుష్షు ఎంత?

సాలూరు లారీల ఊరు. యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కులు, బాడీ కట్టే వడ్రంగులు, రంగులు వేసేవారు - ఎన్నో కుటుంబాల అన్నం ఆ చక్రాల మీదే ఆధారపడి ఉంది. ఇటు విజయనగరం, అటు సుంకి ఘాట్ ఎక్కితే కొరాపుట్, ఇంకా పైకి వెళ్తే రాయపూర్. ఇంటి మగవాడు నెలలో సగం రోజులు ఈ దారి మీదే ఉంటాడు.

ఆ ఊరి నుంచి ఒక వేసవి సెలవుల్లో మూడు కుటుంబాలు కలిసి హైదరాబాదు శివార్లలోని ఒక పెద్ద వినోదాల పార్కుకు వెళ్ళాయి. మేమూ వారితో ఉన్నాం. విజయనగరం చేరి, అక్కడ రైలెక్కి, రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళాం. పార్కు ఆవరణలోనే బస, భోజనం. మూడు రోజుల ప్యాకేజీ.

మొదటి రోజు పిల్లలు నేల మీద నిలబడలేదు. ఎక్కిన రైడే నాలుగుసార్లు ఎక్కారు. రెండో రోజు మధ్యాహ్నానికి పెద్దలు నీడ వెతుక్కున్నారు. పిల్లల నోట “నిన్నటిలాగా లేదు” అన్న మాట వినబడింది. మూడో రోజు తొమ్మిదేళ్ళ అబ్బాయి ఒకడు బెంచీ మీద కూర్చుండిపోయాడు. చేతిలో ఐస్‌క్రీం కరిగిపోతోంది. “అబ్బా, ఇంటికెప్పుడు ఎల్దాం?” అని అడిగాడు.

ఆ తండ్రి లారీ డ్రైవరు. ఎనిమిది నెలల బత్తాలో కొంత కొంత మిగిల్చి ఈ ప్రయాణం పెట్టుకున్నాడు. అతని ముఖం చిన్నబోయింది. “ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే మూడో రోజుకే విసుగా?” అన్నాడు. కొడుకు తల వంచుకుని కాసేపు ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా మరో ప్రశ్న వేశాడు: “అబ్బా, జన్నత్‌లో ఎప్పటికీ ఉంటామంటారు కదా! అక్కడ కూడా ఇలాగే విసుగొచ్చేస్తదా?”

ఆ క్షణంలో మాలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. తండ్రి బాధ ఒకటి, కొడుకు సందేహం ఒకటి. నిజానికి రెండింటి మూలం ఒక్కటే. దాని గురించి మనం కాస్త ఆలోచిద్దాం.

పార్కు చిన్నదా?

విసుగు వచ్చినప్పుడు మనకు తోచే మొదటి కారణం స్థలం చాలలేదని, ఇంకా పెద్ద చోటికి వెళ్ళి ఉంటే బాగుండేదని. మరి పెద్ద చోట్లకు కొదవ లేదు. 1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్ సిటీ విస్తీర్ణమే 1,666 ఎకరాలు. ఆ ఆవరణలో బస చేయడానికి హోటళ్ళు కూడా ఉన్నాయి. 2016లో హైదరాబాదు శివారు రావిర్యాలలో వండర్‌లా వచ్చింది. అమెరికాలో 1955లో డిస్నీల్యాండ్ తెరిచారు. 1971లో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో దగ్గర అంతకంటే ఎన్నో రెట్లు పెద్దదైన డిస్నీ వరల్డ్ తెరిచారు. నేడు అందులో నాలుగు వేర్వేరు పార్కులున్నాయి. ఒక పార్కుతో తనివి తీరితే రెండోది, రెండోదితో తీరితే మూడోది! మనిషికి విసుగు వస్తుందని ఆ వ్యాపారం చేసేవారికి మనకంటే బాగా తెలుసు. అందుకే ఏటేటా కొత్త రైడు, కొత్త ప్రదర్శన చేరుస్తూ ఉంటారు.

సెలవుల ఆనందం గురించి పరిశోధకులు కూడా లెక్కలు తీశారు. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో సగటున 23 రోజుల సెలవు తీసుకున్న 54 మంది ఉద్యోగులను పరిశీలించారు. సెలవు మొదలయ్యాక వారి ఉత్సాహం పెరుగుతూ పోయి ఎనిమిదో రోజున శిఖరానికి చేరింది. తిరిగి పనిలో చేరిన మొదటి వారంలోనే అంతా మామూలైపోయింది. ఒక్క విషయం గమనించాలి. అవి ఒకే ఆవరణలో ఆటలాడుతూ గడిపిన రోజులు కావు, ఎవరికి నచ్చినట్లు వారు గడుపుకున్న రోజులు. అంతటి స్వేచ్ఛ ఉన్న సెలవుకే ఎనిమిదో రోజు శిఖరమైతే, పొద్దున లేచింది మొదలు వరుసలో నిలబడే పార్కు ఆనందం మూడో రోజుకు వాడిపోవడంలో వింత లేదు.

1,530 మంది డచ్ దేశస్థులపై జరిపిన మరో అధ్యయనం 2010లో వెలువడింది. ప్రయాణానికి వెళ్ళబోయేవారు వెళ్ళనివారి కంటే ముందునుంచే ఎక్కువ సంతోషంగా ఉన్నారని అందులో తేలింది. తిరిగి వచ్చాక మాత్రం, ఎంతో హాయిగా విశ్రాంతి పొందినవారిని మినహాయిస్తే, ఇద్దరి మధ్యా పెద్ద తేడా కనిపించలేదు. అంటే ఆ తండ్రి ఎనిమిది నెలలు డబ్బు కూడబెట్టిన కాలంలో ఇంట్లో పిల్లలు రోజులు లెక్కపెట్టుకున్నారే, ఆ ఎదురుచూపు కూడా ఆనందంలో భాగమే. దానికి టికెట్టు లేదు.

దాహం తీర్చేది - దాహం పెంచేది

ఆనందాలన్నీ ఒక్క తీరువి కావు. మే నెల ఎండలో కుండ నీళ్ళు తాగితే కలిగే సుఖం ఒకటుంది. నిన్న తాగాం కదా అని ఇవాళ అది తగ్గదు. ఎందుకంటే దాహం మళ్ళీ కొత్తగా పుడుతుంది. నిద్ర అంతే. దూరాన ఉన్న మనిషి ఇంటికి రావడమూ అంతే. ఈ ఆనందాలు ఒక లోటును పూరిస్తాయి, పూరించి ఊరుకుంటాయి.

రైడు ఇచ్చే ఆనందం వేరు. అది ఏ లోటునూ పూరించదు, మనసును ఒక్క కుదుపు కుదుపుతుంది. రెండోసారి అదే కుదుపు కావాలంటే ఇంకాస్త ఎత్తు, ఇంకాస్త వేగం కావాలి. ఆ మెట్లు ఎక్కడో ఒకచోట ఆగిపోతాయి. అవి ఆగిన చోట విసుగు మొదలవుతుంది.

దీనికి దృష్టాంతం కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. సాలూరులో ఏ డ్రైవరు ఇంటికి వెళ్ళినా కనబడుతుంది. పదిహేను రోజులు ఘాట్ రోడ్డు మలుపులు తిరిగి వచ్చినవాడు స్నానం చేసి, వాకిట్లో నులక మంచం వాల్చుకుని, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. అతనికి ఆ మంచాన్ని మించిన రిసార్టు లేదు. నిత్యం ప్రయాణించేవాడికి ఇల్లు సెలవు, నిత్యం ఇంట్లో ఉండేవాడికి ప్రయాణం సెలవు. ఆనందం ఆ చోటులో కాక, శ్రమకూ విశ్రాంతికీ మధ్య ఉన్న తేడాలో ఉందన్నమాట. ఆ తేడా చెరిగిపోయిన రోజున స్వర్ణ భవనమైనా సత్రమే.

మన్నా, సల్వాల పాఠం

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) జాతివారికి ఎడారిలో అల్లాహ్ మన్నా, సల్వాలను ప్రసాదించాడు. దున్నింది లేదు, నూర్చింది లేదు. అయినా వారు ఒకే రకం తిండి మీద ఉండలేమన్నారు. కూరలు, దోసకాయలు, పప్పు, ఉల్లి కావాలన్నారు. శ్రేష్ఠమైనదాన్ని వదిలి తక్కువదాన్ని కోరుతున్నారా అని మూసా (అలై) వారిని మందలించారు. ఈ వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరాలో ఉంది.

ఇందులో మనం రెండు విషయాలను వేరు చేసి చూడాలి. మొహం మొత్తడం మనిషి స్వభావం. ఆ స్వభావాన్ని ఆసరా చేసుకుని అనుగ్రహాన్ని తూలనాడటం కృతఘ్నత. పార్కులో ఆ పిల్లవాడు ఏమీ తూలనాడలేదు. అతనికి ఇల్లు గుర్తొచ్చింది, అంతే. తండ్రి దాన్ని కృతఘ్నతగా భావించి నొచ్చుకున్నాడు. మనం కూడా పిల్లల విషయంలో తరచూ ఈ పొరపాటే చేస్తుంటాం. మనం పెట్టిన డబ్బుకు సరిపడా వారు నవ్వాలని కోరుకుంటాం. నవ్వు చందాలా వసూలు చేసేది కాదు.

మరి వినోదమే వద్దా?

విసుగు తప్పదు కనుక వినోదమే వద్దని కొందరు తేల్చేస్తారు. ఇది సరికాదు. దైవప్రవక్త (స) తన సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మొదట ఆమె గెలిచారు, కొంతకాలం తర్వాత వేసిన పందెంలో ఆయన గెలిచారు. హజ్రత్ హన్‌జలా (రజి)కి ఒకసారి పెద్ద దిగులు పట్టుకుంది. ప్రవక్త (స) సన్నిధిలో ఉన్నంతసేపు పరలోకం కళ్ళముందు ఉన్నట్లుండేది. ఇంటికి వెళ్ళి ఆలుబిడ్డల మధ్య పడగానే అదంతా మరుగున పడిపోయేది. తాను కపటినేమోనని ఆయన భయపడ్డారు. దైవప్రవక్త (స) ఆయన్ని కసురుకోలేదు. దేని ఘడియ దానిదేనని ఊరడించారు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) వారానికొకసారి, గురువారం నాడు, ధర్మబోధ చేసేవారు. రోజూ బోధించమని ఒకతను కోరితే, మీకు విసుగు కలుగుతుందని నా భయం, దైవప్రవక్త (స) కూడా మా విషయంలో ఇలాగే జాగ్రత్తపడేవారు అని సమాధానమిచ్చారు. ఆలోచించండి! ధర్మబోధ లాంటి మేలైన విషయానికే విరామం అవసరమైతే, నీళ్ళ జారుడుబండకు అవసరం కాదా?

విరామం ఆనందాన్ని తగ్గించదు, పెంచుతుంది. మధ్యలో కాసేపు ఆపి చేసిన మసాజును, ఏకధాటిగా చేసిన మసాజు కంటే జనం ఎక్కువగా ఆస్వాదించారని 2008లో లీఫ్ నెల్సన్, టామ్ మేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఆ పార్కులో మేము కూడా ఇది గమనించాం. రెండో రోజు జుహర్ నమాజుకు గదికి వెళ్ళి, నమాజు చేసి, కాసేపు నడుం వాల్చి వచ్చినవారి ముఖాల్లో తేట ఉంది. డబ్బు దండగవుతుందని కదలకుండా పార్కులోనే ఉండిపోయినవారు సాయంత్రానికి ఒకరి మీద ఒకరు చిరాకుపడ్డారు.

కాబట్టి ఎన్ని రోజులు వెళ్ళాలి అని అడిగితే మా జవాబు ఇది: ఇంకొక్క రోజు ఉంటే బాగుండును అని పిల్లలు అనే రోజునే బయలుదేరండి. ఒక పార్కుకు ఒక రోజు, మహా అయితే రెండు రోజులు చాలు. మూడో రోజు ఉంటే దాన్ని చుట్టాలింటికో, చార్మినారు వీధుల్లో నడకకో, ఏ పనీ లేని నిద్రకో కేటాయించండి.

తండ్రికి ఒక మాట

తిరుగు ప్రయాణంలో ఆ తండ్రి మాతో ఒక మాటన్నాడు. పక్కింటివారు వారం రోజులు తిరిగి వచ్చారట. తాను మూడు రోజులకు మించి పెట్టలేకపోయాడట. వచ్చే ఏడాది వడ్డీకి తెచ్చయినా వారం తిప్పాలని అతని ఆలోచన.

సోదరులారా! ఇక్కడ ఆగి ఆలోచించాలి. మూడో రోజుకే వాడిపోయిన ఆనందం ఏడో రోజుకు ఎలా చిగురిస్తుంది? వడ్డీ మాత్రం వాడిపోదు. అది ఏడాదంతా ప్రతి నెలా చిగురిస్తూనే ఉంటుంది. పైగా అల్లాహ్ నిషేధించిన దాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నవారమవుతాం. ఆ అప్పు తీరాలంటే అతను ఇంకొన్ని ట్రిప్పులు అదనంగా తోలాలి. అంటే పిల్లలకు వారం రోజుల పార్కు ఇవ్వడం కోసం ఎన్నో వారాల తండ్రిని వారి నుంచి తీసుకోవడమే. ఆ బేరంలో నష్టపోయేది ఎవరు?

మేము అతనితో ఇదే అన్నాం. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా మాట అతనికి రుచించిందో లేదో తెలియదు.

పిల్లవాడికి జవాబు

ఇక ఆ చిన్నవాడి ప్రశ్న. దాన్ని అల్లరి ప్రశ్న అని కొట్టిపారేయరాదు. పెద్దవారిలో కూడా ఎందరి మనసులోనో ఉండి, అడగడానికి జంకే ప్రశ్న అది.

బాబూ! ఇక్కడ విసుగు రావడానికి రెండు కారణాలున్నాయి. ఇక్కడి వస్తువుకు ఒక హద్దుంది, నాలుగుసార్లు ఎక్కితే రైడులో ఉన్నదంతా అయిపోతుంది. నీ మనసుకు మాత్రం అంత చిన్న హద్దు లేదు. చిన్న గ్లాసుతో పెద్ద దాహం తీరదు కదా! నీకు విసుగు వచ్చిందంటే నీలో లోపం ఉందని కాదు, నిన్ను సృష్టించింది ఇంతకంటే గొప్పదాని కోసమని. స్వర్గవాసులు అక్కడి నుంచి మరో చోటికి మారాలని కోరనే కోరరని దివ్య ఖుర్ఆన్ కహఫ్ సూరా చివర్లో తెలియజేస్తోంది. తలుపులు మూసి ఉంచడం వల్ల కాదు, వెళ్ళాలనే తలంపే పుట్టకపోవడం వల్ల. అక్కడి ప్రతి శుక్రవారం స్వర్గవాసుల సౌందర్యం ఇంకా పెరుగుతుందని, వారు తమవారి దగ్గరికి తిరిగి వెళ్ళేసరికి తమవారి సౌందర్యమూ పెరిగి ఉంటుందని హదీసులో ఉంది. చూశావా, అక్కడ కూడా ఇంటికి రావడం ఉంది! ఇక్కడి ఆనందం రోజు గడిచేకొద్దీ తరుగుతుంది, అక్కడిది పెరుగుతుంది. విసుగుకు అక్కడ చోటెక్కడిది?

తెల్లవారుతుండగా విజయనగరంలో దిగి సాలూరు బస్సెక్కాం. ఊరి దగ్గర వేగావతి వంతెన రాగానే, అంతవరకు నిద్రలో తూగుతున్న ఆ పిల్లవాడు లేచి కూర్చుని “వచ్చేశాం, వచ్చేశాం” అని అరిచాడు. మూడు రోజుల్లో మొదటి రోజు తర్వాత అంత పెద్ద గొంతు మేము మళ్ళీ వినలేదు. తండ్రి వాడి వంక చూసి నవ్వాడు.

పరిమితమైన ఆనందాన్ని కృతజ్ఞతతో అనుభవించి, శాశ్వతమైన ఆనందం కోసం పాటుపడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.