మల్లవిద్యలో కర్త, భోక్త

భారతీయ కర్మసిద్ధాంతం పని చేసినవాణ్ణి కర్త అని, ఆ పని ఫలాన్ని అనుభవించేవాణ్ణి భోక్త అని పిలిచి, ఈ ఇద్దరూ ఒకే జీవుడని చెబుతుంది. ఒకరి కర్మకు మరొకరు ఫలం పొందడం న్యాయానికే భంగమని దర్శనకారులు భావించారు. అయితే గోదాలో తాను గెలిచే కాలం ముగిసి, ఇతరులను గెలిపించే పనికి పూనుకున్న మల్లయోధుడి దగ్గర ఈ సూత్రం చిక్కులో పడుతుంది. శ్రమ అతనిదైతే పతకం శిష్యుడి మెడలో పడుతుంది.

అమెరికాలోని అయోవాకు చెందిన డాన్ గేబుల్ జీవితం ఇందుకు మంచి ఉదాహరణ. కళాశాల కుస్తీలో ఓటమి ఎరుగని అతడు 1970లో జాతీయ పోటీల ఫైనల్లో, అదీ తన చివరి కళాశాల పోరులో, లారీ ఓవింగ్స్ చేతిలో ఓడిపోయి, రెండేళ్ళ తరువాత మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచాడు. 1976 నుంచి 1997 వరకు అయోవా విశ్వవిద్యాలయ జట్టుకు ప్రధాన శిక్షకుడిగా ఉండి 15 జాతీయ టైటిళ్ళు సాధించిపెట్టాడు. ఆ 15 విజయాలలో ఒక్క కుస్తీ కూడా అతడు పట్టింది కాదు.

ఈ స్థితిని ఋణవిమోచనంగా చూడడమే సరైనది. మనిషి దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు అప్పులతో పుడతాడని వైదిక సంప్రదాయం చెబుతుంది. వీటిలో ఋషిఋణమంటే పూర్వులు కూడబెట్టిన జ్ఞానానికి బాకీపడడం, అది అధ్యయనంతోను, నేర్చినదాన్ని మరొకరికి అప్పగించడంతోను తీరుతుంది. తాలింఖానాలో, అంటే కుస్తీ నేర్పే సాముశాలలో, వస్తాదు చేసే పని ఇదే. నూనె, పసుపు కలిపి గుల్లచేసిన మట్టిలోకి దిగి, తన మెడను తానే శిష్యుడి చేతికి అందించి, పట్టు ఎక్కడ వదులవుతోందో, మోకాలు ఎటు మోపాలో వాడికి తెలిసేదాకా మళ్ళీ మళ్ళీ కిందపడతాడు. గెలుపే జీవితంగా బతికినవాడు ఇలా తెలిసి పడడానికి సిద్ధమవడం ఏ వైరాగ్యానికీ తీసిపోదు. అడవికి వెళ్ళినవాడి త్యాగం కన్నా ఇదే కష్టమైనది, ఎందుకంటే ఇక్కడ విడిచిపెట్టినది రోజూ కళ్ళెదుటే ఉంటుంది.

1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, ఆపైన సర్కస్ సంస్థ స్థాపించాడు. ఆయన ఛాతీ మీద ఏనుగును నిలిపిన సంగతి, గొలుసులు తెంచిన సంగతి ఈనాటికీ చెప్పుకుంటారు గాని, పిల్లల చేత కసరత్తు చేయించిన ఏళ్ళను తలచుకునేవారు అరుదు. ఇది విచారించదగిన మరుపు.

విద్య ఒక వ్యక్తి సొత్తు కాదనే భావన పల్నాటికి కొత్తది కాదు. మాచర్ల, గురజాల రాజ్యాల మధ్య జరిగిన యుద్ధంలో నేలకొరిగిన వీరులను దైవాలుగా కొలిచే సంప్రదాయాన్ని వీరాచారం అంటారు. ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో మొదలయ్యే వీరుల ఉత్సవాలకు వీరాచారవంతులు తరతరాలుగా కాపాడుకొస్తున్న ఆయుధాలను తెచ్చి, నాగులేటిలో స్నానం చేయించి, వీరుల గుడికి చేరుస్తారు. వాటిని మోసేవాడు తరానికొకడు మారినా ఎవడూ వాటిని తన సంపాదన అనుకోడు. కుస్తీ పట్టుకు ఇలాంటి ఉక్కు రూపం లేదు గనుక అది నిలవడానికి మరో శరీరమే కావాలి, ఆ శరీరాన్ని తీర్చిదిద్దడం వస్తాదు ధర్మం.

అయినా ఫలం మీద ఆశ విడిచిన గురువుకు బాధ్యత కూడా తొలగిపోతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంది. భీముడికీ దుర్యోధనుడికీ గదావిద్య నేర్పిన బలరాముడు కురుక్షేత్రంలో ఏ పక్షమూ చేరక తీర్థయాత్రకు వెళ్ళి, చివరి ద్వంద్వయుద్ధం నాటికి తిరిగివచ్చాడు. నాభికి దిగువన కొట్టరాదన్న నియమాన్ని మీరి భీముడు తొడలు విరగ్గొట్టినప్పుడు, గెలిచినవాడూ తన శిష్యుడే అయినా ఆయన నాగలి ఎత్తి మీదికి ఉరికాడు. శిష్యుడి విజయంలో వాటా కోరని గురువు, శిష్యుడి అధర్మాన్ని మాత్రం తన విద్యకు తగిలిన దెబ్బగా ఎంచాడు. ప్రతిజ్ఞ నెరవేర్చుకోవడం క్షత్రియధర్మమని కృష్ణుడు ఎంత నచ్చజెప్పినా సమాధానపడక, భీముడు కపటయోధుడిగానే లోకంలో మిగులుతాడని చెప్పి ద్వారకకు వెళ్ళిపోయాడు.