పిల్లలకు మనమిచ్చే సిరి



పిల్లలకు నాలుగు రాళ్లు వెనకేయాలని మనం రాత్రింబవళ్లు కష్టపడతాం. మంచిదే. కానీ పెద్దయ్యాక వాళ్లు తలచుకునేది అమ్మ పాడిన జోలపాట, నాన్న భుజాలెక్కి చూసిన తీర్థం, తాతయ్య చూపించిన గిజిగాడి గూడు. వీటికి పైసా ఖర్చు లేదు. కాస్త తీరిక ఉంటే చాలు.

మీ పాపను వెంటబెట్టుకుని చెరువు గట్టుకు వెళ్లండి. అత్తిపత్తి మొక్కను వేలితో తాకమనండి. చిట్టి ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుని, రెమ్మ మొత్తం వాలిపోతుంది. ఆకు మొదట్లో ఉండే చిన్న బుడిపెలో నీటి ఒత్తిడి తగ్గడమే అందుకు కారణం. కొన్ని నిమిషాలకు ఆకులు మళ్లీ విచ్చుకుంటాయి. పాప ‘ఎందుకలా?’ అని అడుగుతుంది. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే ఇద్దరూ కలిసి తెలుసుకోండి.

పాట సంగతీ అంతే. విజయవాడ ఆకాశవాణిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు భక్తి పాటల కార్యక్రమం ‘భక్తిరంజని’కి శ్రీకారం చుట్టారు. ఎన్నో ఇళ్లలో పిల్లలు జడలు వేయించుకుంటూ, బడి సంచి సర్దుకుంటూ ఆ పాటలు విన్నారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే త్యాగయ్య, రామదాసు కీర్తనలు వాళ్లకు నోటికొచ్చాయి. ఇంట్లో పాట వినబడుతుంటే పిల్లలకు సంగీతం దానంతటదే అబ్బుతుంది. గొంతు బాగోలేదని మొహమాటపడకండి. బిడ్డకు అమ్మానాన్నల గొంతే ఇష్టం.

ఈ సాయంత్రం ఫోను పక్కన పెట్టండి. పిల్లలతో గొంతు కలిపి ఒక పాట పాడండి. బాల్యం మళ్లీ రాదు, అందులో మన వాటా మనం ఇప్పుడే అందుకోవాలి.