పైచేయి ఎవరిది?

గెలుపు మనవైపు మొగ్గితే ‘మాదే పైచేయి’ అంటాం. ఇంగ్లీషువాళ్లూ ‘అప్పర్ హ్యాండ్’ అని అచ్చంగా ఇదే మాట అంటారు. బేస్‌బాల్ బ్యాటును పిల్లలు పిడికిలి మీద పిడికిలి వేసి పట్టుకుంటూ పోతారనీ, పైకొస దక్కినవాడిది ముందు వంతనీ, ఆ మాట అందులోంచే పుట్టిందనీ ఒక కథ ఉంది. ముచ్చటైన కథే గాని నిలవదు. ఆ నుడికారం 15వ శతాబ్దం నాటికే ఉంది; ఆ ఆట చాలా తర్వాతిది. పుట్టుక ఏదైనా, చెయ్యి పైనున్నవాడిదే బలమని రెండు భాషలూ నమ్మాయి. ఆ నమ్మకానికి అసలు పరీక్ష యుద్ధంలో కాదు, దానంలో.

ధారపోసేటప్పుడు దాత చెయ్యి పైన, పుచ్చుకునేవాడి అరచెయ్యి కింద, నడుమ సన్నటి నీటిధార. పోతన భాగవతం అష్టమ స్కంధంలో బలి చక్రవర్తి మురిసేది ఈ అమరికకే. లక్ష్మీపతి చెయ్యి కిందా తన చెయ్యి పైనా ఉండటం కన్నా ఏం కావాలి, రాజ్యం పోతే పోనీ అంటాడు. లక్ష్మీపతి దానం పుచ్చుకున్న అడుగులు కొలిచేసరికి బలం ఏ చేతిదో తేలిపోయింది. అక్కడ చెయ్యి చాచినవాడు విష్ణువు, మామూలు యాచకుడికి ఆ లెక్క చెల్లదు అనవచ్చు. ఇచ్చే పైచేయే అడిగే కింది చేతికన్నా మేలని హదీసు కూడా చెబుతోంది గదా అనీ అడగవచ్చు. నిజమే. కానీ అది మెచ్చింది ఇవ్వడాన్ని, పెత్తనాన్ని కాదు. ఇచ్చింది దెప్పిపొడిస్తే ఆ దానం వృథా అని ఖురాన్ రెండో అధ్యాయమే హెచ్చరిస్తోంది.

ఇక మామూలు చేతి సంగతి. బౌద్ధ భిక్షువుల నియమావళి ‘వినయం’లో పాత్ర బోర్లించడమనే పద్ధతి ఉంది. సంఘానికి కీడు తలపెట్టిన గృహస్థు ఇంట భిక్షువులు భిక్ష ముట్టరు. అన్నం వండి సిద్ధంగా ఉన్నా, పట్టే పాత్ర లేకపోతే పుణ్యమూ లేదు. అయితే కడుపు కాలుతున్నవాడికి పాత్ర బోర్లించే స్వేచ్ఛ ఎక్కడిది? ఈ ప్రశ్నను దాటవేయలేం. 12వ శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమోనిడిస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా పేర్చాడు. అప్పో, పనో, వ్యాపారంలో వాటాయో ఇచ్చి, మళ్లీ చెయ్యి చాచే అవసరం లేకుండా చేయడాన్ని అన్నిటికన్నా పైమెట్టు మీద పెట్టాడు. అంటే ఉత్తమ దాత తన పైచేయిని తానే వదులుకుంటాడు. వదులుకోని పాలకుల నుంచి భిక్ష తీసుకోబోమని 2007లో బర్మా భిక్షువులు పాత్రలు బోర్లించి వీధుల్లో నడిచారు. సైన్యం ఆ ఉద్యమాన్ని తుపాకులతో అణిచేసింది. బోర్లించిన ఆ పాత్రల్లో మాత్రం ఆ పాలకుల మెతుకు పడలేదు.