తోడు పిల్ల

‘తోడు’ అనే మాటతో మనకి పాత పేచీ ఉంది. ఆడపిల్ల ఒంటరిగా ఎలా వెళ్తుంది, రాత్రిపూట తోడెవరున్నారు, రేపు పెద్దతనంలో తోడెవరుంటారు అనే మాటలు వింటూ పెరిగినవాళ్ళం. ఏడేళ్ళ తమ్ముడు పక్కన నడిస్తే తోడున్నట్టే లెక్క. వాడికి దారి దాటించేది మనమే అయినా సరే. సొంత జీతంతో అద్దెకి తీసుకున్న గదిలో మొదటి రాత్రి లోపల్నించి గడియ వేసుకున్నప్పుడు, తోడు లేకపోవటం ఎంత సుఖమో తెలిసింది. ఏకాంతం ఆడవాళ్ళ హక్కు అని ఆ తర్వాత క్లాసుల్లో చెప్పాను, వ్యాసాల్లో రాశాను. ఇప్పుడూ అదే అంటాను. కానీ ఈ ఏడాది ఒక ముసలి డెగూ వల్ల ఆ మాటని అవతలి వైపునుంచి చూడాల్సి వచ్చింది.

డెగూ అంటే చాలామందికి తెలియకపోవచ్చు. చిలీ దేశం మధ్యభాగంలో, పొదలు పెరిగే పొడి నేలల్లో బొరియలు తవ్వుకుని బతికే చిన్న జంతువు. పెద్ద ఎలుకంత ఉంటుంది, తోక చివర నల్లటి కుచ్చు. పగలు తిరిగి రాత్రి నిద్రపోతుంది. ఆరోగ్యంగా ఉన్న డెగూ పళ్ళు నారింజ రంగులో ఉంటాయి. అవి తెల్లబడుతున్నాయంటే ఏదో తేడా వచ్చిందని అనుమానించాలి. పరిశోధనశాలల్లో చాలాకాలంగా ఉన్న ఈ జంతువుని ఇప్పుడు ఇంగ్లండులో కొందరు ఇళ్ళలో పెంచుకుంటారు. నేను ఉత్తర ఇంగ్లండులో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్తాను. 2018లో మా అమ్మాయి పదకొండేళ్ళప్పుడు మూడు ఆడ డెగూలని, అక్కచెల్లెళ్ళని, తెచ్చుకుంది. పోపులపెట్టె చూసి పేర్లు పెట్టింది: ఆవ, మెంతి, జీలకర్ర. డెగూ శరీరం చక్కెరని తట్టుకోలేదు. తీపి తింటే మధుమేహం, దాని వెనకే కళ్ళలో శుక్లాలు వస్తాయి. మన ఇళ్ళలో షుగరుకి మెంతులు నానబెట్టుకునే సంగతి మా అమ్మాయికి అప్పటికి తెలియదు. పేరు మాత్రం కుదిరింది.

అమ్మాయి పెద్దదయింది, చదువుకి వేరే ఊరెళ్ళింది. డెగూలు నాకు మిగిలాయి. ముచ్చటపడి తెచ్చుకునేది ఒకరు, ఆఖరికి గడ్డి మార్చేది తల్లి. ఇది అన్ని దేశాల్లోనూ ఒకటే అనుకుంటాను.

ఆవ ఐదేళ్ళకి దవడ పళ్ళు పెరిగి తిండి తినలేక పోయింది. జీలకర్ర పోయిన చలికాలంలో పోయింది. మెంతికి ఇప్పుడు ఏడేళ్ళు. ఎడమ కన్ను పూర్తిగా తెల్లబడింది, కుడి కన్నులో కాస్త వెలుగు తెలుస్తుందేమో. ఒకప్పుడు 240 గ్రాములుండేది, వంటింటి తూకం మీద ఇప్పుడు 190 చూపిస్తోంది. బోనులో పై అరలు తీసేశాను, పడిపోకుండా. గడ్డి, నీళ్ళు, ఇసుక గిన్నె ఎప్పుడూ ఒకేచోట ఉండాలి, జరిపితే వెతుక్కుంటుంది. పొద్దున్నా రాత్రీ గడ్డిపొడిని నీళ్ళలో కలిపి సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెం పట్టిస్తాను. అరగంట పడుతుంది. తోక పట్టుకోకూడదు, చర్మం ఊడి చేతిలోకొస్తుంది. అందుకని రెండు చేతుల్నీ దొన్నెలా పెట్టి ఎత్తుకోవాలి.

జీలకర్ర పోయాక ఐదారు రోజులు ఒకే కూత, ఒకే శ్రుతిలో, ఆగి ఆగి కూసింది. దాన్ని దుఃఖం అని నేననను. పిలుపు మాత్రం పిలుపే. బదులు రాలేదు, ఆపేసింది.

‘ఎలుక్కి సిరంజితో అన్నం పెడుతున్నావా! ఇక్కడ బోను పెట్టి చంపలేక చస్తున్నాం’ అని తెనాలి నుంచి అమ్మ నవ్వింది. అమ్మ నవ్వుకి తత్వశాస్త్రంలో కూడా ఒక తోడుంది. నెల్ నాడింగ్స్ 1984లో రాసిన ‘కేరింగ్’ స్త్రీవాద నీతిశాస్త్రానికి పునాది పుస్తకాల్లో ఒకటి. సంరక్షణ అనేది ఇచ్చేవాళ్ళతో పూర్తికాదు, అందుకునేవాళ్ళు అందుకున్నట్టు తెలియాలి అని ఆమె వాదం. ఆ లెక్కన ఇంటి పిల్లితో బాధ్యత ఏర్పడుతుంది గానీ ఎలుకతో ఏర్పడదు. తనకి ఎలుకతో అలాంటి సంబంధం లేదని, ఏర్పడే అవకాశమూ లేదని ఆమె చెప్పుకుంది. జోసఫీన్ డోనవన్, కరోల్ ఆడమ్స్ లాంటివాళ్ళు తర్వాత ఈ గీతని ఒప్పుకోలేదు. జంతువులు మనకి ఏదో చెప్తూనే ఉంటాయి, వినటం మన పని అన్నారు. నేను వాళ్ళ పక్షమే. అయితే మెంతి ఏం చెప్తోందో విన్న తర్వాత అసలు చిక్కు మొదలైంది. అది నన్ను అడగటం లేదు. నా చేతిలోంచి తింటుంది, నా అరచేతి వెచ్చదనానికి కాసేపు పడుకుంటుంది. కానీ అది పిలిచిన పిలుపు నాకు కాదు.

డెగూలు గుంపు జంతువులు. ఆడవి కొన్ని కలిసి ఒకే బొరియలో ఈనుతాయి, ఒకదాని పిల్లలకి ఇంకొకటి పాలిస్తుంది. నాకు ఇది చదివినప్పుడు మన పాత ఉమ్మడి కుటుంబాల్లో పురిటి గది గుర్తొచ్చింది గానీ, ఆ పోలికని ఎక్కువ దూరం లాగను. ఉమ్మడి కుటుంబాన్ని పొగిడే పని మనకొద్దు. చెప్పొచ్చేదేమిటంటే, వీటికి తోడు అనేది పైనుంచి పెట్టిన కట్టుబాటు కాదు, బతికే పద్ధతి. సైన్సుకీ ఈ సంగతి బాగా తెలుసు. జర్మనీలో మాగ్డెబర్గ్ నగరంలో డెగూ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి, వాటి మెదళ్ళలో వచ్చే మార్పుల్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఒంటరితనం గాయం చేస్తుందని తెలుసుకోవటానికి ఒంటరితనాన్ని కల్పించారు.

ఇంకొక విషయం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అడవిలో డెగూకి ముసలితనమే అరుదు. గద్దలకీ నక్కలకీ కరువుకీ పోగా ఏడాదో రెండేళ్ళో బతికేవే ఎక్కువ. ఇళ్ళలో ఐదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతాయి. అంటే ఈ గుడ్డితనం, ఈ బరువు తగ్గటం, ఈ ఆఖరున మిగిలిపోవటం బోను ఇచ్చినవి. అడవి గుంపులో ఒకటి పోయినా అన్ని వయసులవీ ఇంకా ఉంటాయి. ఒకే ఈతలో పుట్టిన ముగ్గురు అక్కచెల్లెళ్ళని తెచ్చి బోనులో పెడితే ముగ్గురూ కలిసే ముసలివాళ్ళవుతారు, ఆఖరికి ఒకరు ఒంటరిగా మిగులుతారు. ఆ ఒంటరిని తయారుచేసింది ఇంటివాళ్ళే.

ఇంగ్లండు, వేల్స్ దేశాలకి 2006లో వచ్చిన జంతు సంక్షేమ చట్టంలో 9వ సెక్షన్ ఉంది. జంతువు అవసరాల జాబితాలో, ఇతర జంతువులతో కలిసి ఉండవలసిన లేక విడిగా ఉండవలసిన అవసరాన్ని అది గుర్తిస్తుంది. తోడునీ ఏకాంతాన్నీ ఒకే వాక్యంలో, రెంటినీ అవసరాలుగానే రాశారు. మన ఆడవాళ్ళ గురించి ఏ చట్టంలోనైనా ఇలా రాశారా అని వెతకబుద్ధేసింది.

పశువుల డాక్టరు, మంచి మనిషి, రెండు దారులు చెప్పింది. ఒకటి, కొత్త డెగూని తేవటం. చిన్న వయసుదైతే త్వరగా కలుస్తుంది అంది. రెండోది, నిద్రపుచ్చటం. చివరిది మిగిలినప్పుడు కొందరు అలా చేస్తారట. మెంతికి నొప్పి ఉందా అని అడిగాను. ఇప్పటికి మందుతో అదుపులో ఉంది అంది. అయితే చావుకి కారణం ఒంటరితనం ఒక్కటేనన్న మాట. తోడు పోయింది కాబట్టి మిగిలిన ప్రాణం ఎందుకు అనే తర్కం మన దేశంలో పుట్టి పెరిగిన ఆడవాళ్ళకి కొత్తగా నేర్పక్కర్లేదు. ఆ దారి నేను ఇంక చూడలేదు.

మొదటి దారిలో ఏ తప్పూ కనిపించదు. అందుకే దాని గురించే రాయాలి.

మా అమ్మమ్మకి ఒక తోడు పిల్ల ఉండేది. 1980లలో సంగతి. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో, తాతయ్య పోయాక, పెద్దావిడ ఒక్కతీ ఉండకూడదని మామయ్యలు పదకొండేళ్ళ పిల్లని తెచ్చి పెట్టారు. మూడో తరగతి దాకా చదివింది. అమ్మమ్మ మంచం కింద చాప వేసుకుని పడుకునేది. రాత్రి లేస్తే లాంతరు పట్టుకునేది, మరచెంబుతో నీళ్ళందించేది, కాళ్ళు పట్టేది. ఎవరడిగినా ‘పనిమనిషి కాదండీ, తోడు’ అనేవాళ్ళు. ఆ మాటలో ఎంత గౌరవం కనిపించేదో! పనిమనిషి అంటే జీతం లెక్క చెప్పాలి. తోడుకి జీతమేమిటి, ఇంట్లో పిల్లేగా. సెలవలకి వెళ్ళినప్పుడు నేనూ ఆ పిల్లా వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, అమ్మమ్మ కేక వినపడేదాకా. ఆరేళ్ళ తర్వాత అమ్మమ్మ పోయింది. పదకొండో రోజు అయ్యాక ఆ పిల్లకి రెండు చీరలూ బస్సు చార్జీలూ ఇచ్చి పంపించారు. అందరూ ఏడ్చారు, ఆ పిల్ల కూడా. పదిహేడేళ్ళకి ఒక ముసలామె రాత్రుల్ని కాపలా కాయటం తప్ప ఇంకేమీ నేర్పించని మనిషిని ఆ బస్సు ఎక్కడికి తీసుకెళ్ళిందో మా ఇంట్లో ఎవరూ వాకబు చెయ్యలేదు.

2006 అక్టోబరులో మన దేశంలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఇంటి పనికి పెట్టుకోవటం నిషేధించారు. 2016లో చట్టాన్ని సవరించి దాదాపు అన్ని పనులకీ ఆ నిషేధం వర్తింపజేశారు. అయినా పోయిన సంవత్సరం మా అన్నయ్య ఫోనులో అన్నాడు: ‘అమ్మకి ఒక పిల్లని చూశాం. పదమూడేళ్ళు. పనికి కాదులే, ఊరికే తోడుకి.’ నలభై ఏళ్ళలో ఆ వాక్యం ఒక్క అక్షరం మారలేదు.

ఈవా కిటే 1999లో రాసిన ‘లవ్స్ లేబర్’లో ఒక ప్రశ్న ఉంది. ఆధారపడినవాళ్ళని చూసుకునేవాళ్ళు ఆ పనివల్లే తామూ బలహీనులవుతారు, మరి వాళ్ళని ఎవరు చూసుకోవాలి అని. మన సంరక్షణ చర్చల్లో కోడళ్ళూ, కూతుళ్ళూ, ఈమధ్య నర్సులూ వచ్చారు. తోడు పిల్ల రాలేదు. ఆమె చేసేది పని అని కూడా మనం ఒప్పుకోలేదు కాబట్టి. ఉండటమే ఆమె పని. ఒక చిన్న ప్రాణాన్ని తెచ్చి ఒక పెద్ద ప్రాణం పక్కన ఉంచి, దాని ఉనికినే మందులా వాడుకోవటం. దుకాణంలో మూడు నెలల డెగూని కొని మెంతి బోనులో వదిలితే నేను చేసేది అచ్చంగా అదే. నాలుగు నెలలో ఆరు నెలలో మెంతి పోతుంది. ఆ పిల్ల మిగిలిపోతుంది. దానికి తోడుగా ఇంకొకటి. ఈ వరసకి అంతం లేదు, ప్రతిసారీ ఆఖరు ప్రాణం ఒంటరిదే.

మనిషి పిల్లనీ డెగూ పిల్లనీ ఒకే గాటన కడుతున్నావా అని ఎవరైనా అడగొచ్చు. కట్టటం లేదు. ఆ పిల్లకి బడి ఉంది, పెరిగే హక్కుంది, తనకిష్టమైన ఒంటరితనం వెతుక్కునే హక్కు కూడా ఉంది. డెగూకి ఇవేవీ అక్కర్లేదు. ఒకటిగా ఉన్నది రెండింటి విషయంలోనూ మనం చేసే లెక్క. ఒకరి కొరత తీర్చటానికి ఇంకొకరిని తెచ్చేటప్పుడు, తెచ్చినవాళ్ళ కొరత లెక్కలోకి రాదు.

ఆ పదమూడేళ్ళ పిల్ల రాలేదు. నేను అన్నయ్యతో వాదించటం వల్ల కాదు. అమ్మే వద్దంది. ‘నేను తొమ్మిదింటికల్లా నిద్రపోతాను. ఆ పిల్ల ఎవరితో మాట్లాడుద్ది?’ అంది. అంతకంటే వివరించలేదు. అమ్మమ్మ దగ్గరున్న పిల్ల గుర్తుందా అని అడిగితే ‘ఎందుకు గుర్తుండదు’ అని ఫోను పెట్టేసింది. ఇప్పుడు పక్కింటి రిటైరయిన టీచరుగారూ అమ్మా రోజూ సాయంత్రం ఒకరింటి అరుగు మీద ఒకరు కూర్చుంటున్నారు. రాత్రికి ఎవరింటికి వాళ్ళు. దీన్ని ఆదర్శంగా చెప్పటం లేదు. ఇద్దరూ మోకాళ్ళ నొప్పులవాళ్ళే. ఒకరు పడితే ఇంకొకరు లేపలేరు.

డెగూలకీ అలాంటి ఏర్పాటే వెతికాను. వదిలేసిన చిన్న జంతువుల్ని చేరదీసే ఒక కేంద్రం వాళ్ళ దగ్గర ఐదేళ్ళ ఆడది ఉంది, దాని చెల్లెలు వేసవిలో పోయింది. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మెంతి ముందు పోతే దీన్ని వెనక్కి తీసుకెళ్ళి, వాళ్ళ దగ్గరున్న వాటిలో కుదిరేదానితో కలుపుతారు. ఇది ముందు పోతే మెంతి సంగతి మళ్ళీ మాట్లాడుకోవాలి. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. వెనక్కి వెళ్ళాక ఏమవుతుందో ముందే రాసిన ఒప్పందం ఒకటి ఆ చాప మీద పడుకున్న పిల్లకి ఉంటే, అనిపించింది.

కొత్త డెగూలని ఒక్కసారిగా కలిపితే కొరుక్కుని రక్తాలు కారేదాకా వస్తుంది. అందుకని రెండు బోన్లు పక్కపక్కన పెట్టి, కరవటానికి అందనంత ఎడం ఉంచాను. రోజూ ఇసుక గిన్నెలు మారుస్తున్నాను, ఒకదాని వాసన ఇంకొకదానికి అలవాటవ్వాలని. మొదటి వారం మెంతి ఆ గిన్నె దగ్గరికే పోలేదు. రెండో వారం పొర్లింది. కొత్తది రాత్రిళ్ళు ఇటువైపు మూలలోనే పడుకుంటోంది, మెంతి ఇంకా తన పాత చోటు వదల్లేదు. నిన్న సిరంజి పట్టేటప్పుడు అవతలి బోనులోంచి చిన్న కూత వచ్చింది. మెంతి నమలటం ఆపి తల అటు తిప్పింది. తర్వాత మిగతా గడ్డి తినలేదు, బరువు 188. తలుపులు తెరవటానికి ఇంకో రెండు వారాలు ఆగమన్నారు.