దిండు కింద చపాతీలు

ఒక బాలసదనంలో కొత్తగా చేరిన సంరక్షకుడు ఉండేవాడు. పనిమంతుడే గానీ శుభ్రం విషయంలో పట్టింపు ఎక్కువ. ఒకనాడు విజయవాడ రైల్వే స్టేషన్లో ఒంటరిగా తిరుగుతున్న ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి చూసి ఎవరో పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేశారు. చట్టం ప్రకారం 24 గంటల్లోపే వాణ్ణి బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరిచారు. సమితి ఈ సదనానికి పంపింది.

వాడు మూడు పూటలా కడుపునిండా తినేవాడు. అయినా రాత్రి రెండు చపాతీలు లాగూ జేబులో కుక్కుకుపోయి దిండు కింద దాచేవాడు. తెల్లారేసరికి పక్కంతా చీమలు బారులు తీరేవి. సంరక్షకుడు మొదట నచ్చజెప్పాడు, తర్వాత కసిరాడు, చివరికి రోజూ పక్క దులిపి చపాతీలు పారేయడం మొదలుపెట్టాడు. వాడు రెండు దాచేచోట నాలుగు దాచసాగాడు. దిండు కింద కుదరకపోతే పాత చొక్కాలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టాడు. దొంగబుద్ధి అని సంరక్షకుడు రిజిస్టరులో రాశాడు.

కొన్నాళ్లకు సదనాల సిబ్బందికి శిక్షణ పెట్టారు. శిక్షణ ఇచ్చే ఆవిడ పొద్దున్నే అందరి ఫోన్లూ వాచీలూ తీసుకుంది. గోడ గడియారం దింపించింది. భోజనం ఎప్పుడని అడిగినవాళ్లకు జవాబివ్వలేదు. పొద్దువాలాక ఎప్పటికో భోజనాలు వచ్చాయి. అందరూ ఆవురావురుమంటూ తిన్నారు. సాయంత్రం టీతోపాటు బిస్కెట్లు పెట్టారు. ఇళ్లకు బయల్దేరే ముందు ఆవిడ ఎవరి సంచి వాళ్లను చూసుకోమంది. సంరక్షకుడి సంచిలో తువ్వాలు మడతల మధ్య బిస్కెట్ పొట్లం ఉంది. బస్సెక్కితే గంటలో ఇంట్లో అన్నం ముందు కూర్చుంటాడు. అయినా ఎప్పుడు దాచాడో అతనికే గుర్తులేదు.

మర్నాటి నుంచి అతను పక్క దులపలేదు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తెచ్చి, మరమరాలూ వేరుశనగ ఉండలూ నింపి పిల్లవాడి మంచం పక్కన పెట్టాడు. రోజూ పడుకోబోయే ముందు వాడి కళ్లెదుటే మూత తీసి, తగ్గినంతా మళ్లీ నింపేవాడు. మొదట్లో డబ్బా ఉన్నా వాడు చపాతీలు దాస్తూనే ఉన్నాడు. సంరక్షకుడు వాటి జోలికి పోలేదు. నాలుగు రెండయ్యాయి, రెండు ఒకటైంది. దసరా సెలవులనాటికి చీమలు రావడం మానేశాయి. సంరక్షకుడు రిజిస్టరు తీసి, దొంగబుద్ధి అన్న మాట కొట్టేసి, ఆకలి భయం అని దిద్దాడు.

నీతి: ఆకలి తీరడానికి ఒక పూట చాలు, ఆకలి భయం తీరడానికి నెలలు పడుతుంది. దెబ్బతిన్న పిల్లల్లో మనకు తప్పుగా కనిపించేది చాలాసార్లు ఒకనాడు వాళ్లను బతికించిన ఉపాయమే. దాన్ని లాక్కుంటే భయం రెట్టింపవుతుంది, రేపటికీ ఉంటుందని రోజూ చూపిస్తే వాళ్లే వదిలేస్తారు.